పిన్నమ్మ ఇచ్చిన తోలు

నా మెడ మీద చర్మం నా తొడది. ఎవరైనా పరాయివాళ్లు అదే పనిగా చూస్తుంటే ఈ మాట నేనే చెప్పేస్తాను. చెప్పగానే వాళ్ల చూపు మెడ మీంచి కిందికి జారి, అక్కడ ఆగలేక, పక్కనున్న గోడ మీదికి పోతుంది. ఇంక మళ్లీ అడగరు. జాలిపడేవాళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ గిట్టదు. వాళ్లు జాలిపడి కళ్లు తుడుచుకుంటే, ఫరవాలేదండీ అని ఓదార్చాల్సింది మళ్లీ నేనే.

అయితే నా చర్మం నా మెడ మీదికి రాకముందు, కొన్నాళ్లు నా ఒంటి మీద ఇంకొకరి చర్మం ఉండింది. దాని సంగతి ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. చెప్పమని అడిగినవాళ్లూ లేరు.

మాది జువ్వలదిన్నెకు దిగువన, సముద్రానికీ కాలవకీ నడుమ ఇసక మీద ఉన్న చిన్న పాళెం. చేపలు పట్టి బతికేవాళ్లం. నైలాను వలలు అప్పటికింకా మా వైపుకి రాలేదు. అన్నీ నూలు వలలే. నూలు వల ఉప్పునీళ్లకి తొందరగా చివికిపోతుంది. అందుకని తుమ్మచెక్క దంచి, ఊరుమ్మడి రాగి కొప్పెరలో వేసి, నీళ్లు ముదురెరుపుకి వచ్చేదాకా కాచి, అందులో వలలు ముంచి ఎండలో ఆరేసేవాళ్లు. రంగు పట్టిన వల బిరుసెక్కుతుంది, గట్టిపడుతుంది, చాలాకాలం మన్నుతుంది. మగవాళ్లు వలలు ముంచేవాళ్లు, ఆడవాళ్లు మంట చూసుకునేవాళ్లు. వల రంగు వేసే రోజు పాళెంలో ఎవరూ వేటకు పోరు కాబట్టి పిల్లలకు అది పండగ.

మా అమ్మ నాకు ఊహ తెలిసీ తెలియని రోజుల్లోనే పురిట్లో పోయింది. పాళెం వెనక సరుగుడు తోపు అంచున ఆమెను పూడ్చారు. మా ఇళ్లలో పూడ్చడమే ఆచారం. కొన్నేళ్లకి నాయన మళ్లీ పెళ్లి చేసుకుని పులికాటు వైపు నుంచి ఒకామెను తెచ్చాడు. నేను పిన్నమ్మ అని పిలిచేదాన్ని. మనిషి నల్లగా, బక్కగా ఉండేది. గట్టిగా నవ్వేది. ఆ నవ్వు మా అవ్వకి, అంటే నాయన తల్లికి, బొత్తిగా నచ్చేది కాదు. ఇంట్లో పెత్తనం అవ్వది. సవతితల్లి అన్నాక ఏదో ఒకనాడు బయటపడక పోదని అవ్వ ఎదురుచూస్తూ ఉండేది. పిన్నమ్మ బయటపడకుండా గంపెడు చాకిరీ చేసుకుంటూ పోయేది.

ఆ ఏడు వల రంగు వేసేనాటికి నాకు పదేళ్లు నిండలేదు. కొప్పెర కిందికి తాటిమట్టలు ఎగదోయడం నా పని. గాలి ఉన్నట్టుండి తిరిగింది. మంట నాలిక చాచి నా పావడా అంచు అందుకుంది. నేను పరుగెత్తాను. నిప్పంటుకుంటే పరుగెత్తకూడదని ఇప్పుడు బళ్లో పిల్లలకి చెబుతారు. నాకప్పుడు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉన్నా పరుగెత్తేదాన్నే.

తడివలలు ఆరేస్తున్న పిన్నమ్మ చేతిలో ఉన్న వలతో సహా వచ్చి నా మీద పడింది. ఇద్దరం ఇసకలో దొర్లాం. మంట ఆరింది. అప్పటికి పావడా, రవికె కాలి ఒంటికి అతుక్కుపోయినాయి. రొమ్ము, పొట్ట, మెడ, కుడిచెయ్యి. నొప్పి అప్పుడే తెలియలేదు. వాసన తెలిసింది.

మా పాళెంలో చేతి మీద నిప్పురవ్వ పడ్డా, కాలికి వేడి గంజి తగిలినా ఒకటే మందు. కొప్పెర అడుగున మిగిలిన తుమ్మచెక్క నీళ్లు చల్లార్చి పొయ్యడం. చిన్న చిన్న బొబ్బలకు అది పనిచేసేది కూడా. పైన ఒక పొర కట్టి, మంట తగ్గేది. అవ్వ ముంత తెచ్చి, ఇంత పెద్ద కాలిన గాయానికి కూడా అదే వైద్యం మొదలుపెట్టింది.

"వలకి పట్టింది బిడ్డకి పట్టదా? తోలు గట్టిపడతాది, చూడండి," అంది.

నిజంగానే గట్టిపడింది. నా రొమ్ము మీద నల్లటి పెచ్చు కట్టింది. గోటితో కొడితే టకటక శబ్దం వచ్చేది. నొప్పి తగ్గింది. అవ్వ చెయ్యి మంచిదని పాళెమంతా వచ్చి చూసి పోయింది. అవ్వ రోజూ మళ్లీ మళ్లీ పోసేది. పిన్నమ్మ ఒక్కతే, "ఆసుపత్రికి తీసకపోదాం" అని నాయన దగ్గర నసిగేది. అవ్వ వినేది కాదు. కొన్నాళ్లకి పెచ్చు కింద మెత్తబడింది. అంచుల్లోంచి పచ్చటి చీము కారడం మొదలైంది. జ్వరంతో నేను ఏదేదో మాట్లాడానట. అప్పటికి గానీ నాయనకు కాలు కదల్లేదు.

తెరచాప గుడ్డతో డోలీ కట్టి నన్ను మోసుకుపోయారు. కాలవ దాటించి, ఎద్దుబండి మీద బిట్రగుంటకి, అక్కణ్నుంచి రైల్లో నెల్లూరికి. పెట్టెలో నా వాసన భరించలేక జనం ఒక్కొక్కరే లేచి దూరం జరిగారు. ఎప్పుడూ నిలబడి ప్రయాణం చేసే మా వాళ్లకి ఆ రోజు సగం పెట్టె ఖాళీగా దొరికింది. పిన్నమ్మ నా తల ఒళ్లో పెట్టుకుని, తన పైటకొంగుతో ఈగలు తోలుతూనే ఉంది.

నెల్లూరులో మమ్మల్ని చేర్చుకున్న ఆసుపత్రిలో ఒక డాక్టరు ఉండేవాడు. మద్రాసులో చర్మం వేసే వైద్యం నేర్చుకుని వచ్చినవాడు. సన్నగా, పొడుగ్గా, నవ్వు మొహం అలవాటు లేని మనిషి. నా పెచ్చు చూసి, "ఏం పోశారు?" అని అడిగాడు. నాయన తలొంచుకుని చెప్పాడు. తిడతాడనుకున్నాం.

"ఒకప్పుడు మేం డాక్టర్లమూ ఇలాంటి చెక్క సారమే పోసేవాళ్లం. మాది సీసాల్లో వచ్చేది, అంతే తేడా," అన్నాడు. "పైన గట్టిపడుతుంది. కింద కుళ్లుతుంది. అది చూసి మేం మానేశాం."

ఆ పెచ్చు తియ్యడానికి ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డలు వేసేవాళ్లు. నానబెట్టి, కొంచెం కొంచెంగా ఒలిచేవాళ్లు. సముద్రం ఒడ్డున పుట్టి, ఉప్పునీళ్లంటే భయపడటం నేను అక్కడ నేర్చుకున్నాను. ట్రాలీ చక్రాల చప్పుడు వినబడగానే పక్క తడిపేసేదాన్ని. అరుపులకి గొంతు పోయింది. పక్క మంచాలవాళ్లు చెవులు మూసుకునేవాళ్లు. నన్ను కట్టు కట్టే గదిలోకి తీసుకుపోతే, పిన్నమ్మ తలుపు బయట నిలబడి లోపలి అరుపు ఆగేదాకా తన బుగ్గ లోపలి కండ కొరుక్కునేది. సాయంత్రం అన్నం తింటుంటే ఉప్పు తగిలి ఆమె మొహం చిట్లించడం చూసి నాకు తెలిసింది.

పెచ్చు పోయాక కింద ఉన్నది పచ్చి మాంసం. దుప్పటి తగలకుండా నా మీద ఇనుప కమ్మీల గూడు పెట్టారు. ఆ గూటిలో నేను రోజురోజుకీ చిక్కిపోయాను. ఒంట్లో నీరంతా పుండ్లలోంచి కారిపోతోందని డాక్టరు నాయనకి చెప్పాడు. "చర్మం లేని ఒళ్లు మూత లేని కుండ. ఎంత పోసినా నిలవదు. మూత వెయ్యాలి."

"ఎయ్యండయ్యా," అన్నాడు నాయన.

"పిల్ల తొడల నుంచే తియ్యాలి. ఇప్పుడు తీస్తే తట్టుకోదు. ఇంకో పుండు చేసినట్టే అవుతుంది. ముందు ఇంకెవరి చర్మమైనా తీసి కప్పుదాం. అది నిలవదు. ఒకరి చర్మం ఇంకొకరికి అతకదు. కానీ కొన్నాళ్లు ఉంటుంది. ఆ కొన్నాళ్లలో పిల్ల కోలుకుంటే, తన చర్మమే తీసి వేస్తాను."

నాయన తన పంచె పైకెత్తి తొడ చూపించాడు. పిన్నమ్మ అడ్డం వచ్చింది. "మొగోడికి కాలు పట్టు తప్పితే పడవ మీద నిలబడేది ఎట్ట? నాది తియ్యండయ్యా."

"నువ్వు తల్లివేనా?" అని డాక్టరు అడిగాడు. దగ్గరి రక్తమైతే ఒకటి రెండు రోజులు ఎక్కువ నిలుస్తుందేమోనని ఆయన ఆశ.

"కన్నతల్లినయ్యా," అంది పిన్నమ్మ.

నేను గూటిలోంచి వింటూనే ఉన్నాను. నాయన కిటికీ వైపు తిరిగాడు. ఎవరమూ కాదనలేదు.

ఆపరేషను గురించి నాకు గుర్తున్నది ఈథర్ వాసన ఒక్కటే. తర్వాత నర్సు చెప్పింది. మంగలికత్తిని సాగదీసినట్టుండే పొడుగాటి కత్తితో పిన్నమ్మ తొడ మీంచి ఉల్లిపొరంత పల్చగా చర్మం గీసి తీశారట. జిడ్డు గుడ్డ మీద పరిచి, నా రొమ్ము మీద, పొట్ట మీద, మెడ మీద అతికించారట. నాకు మెలకువ వచ్చేసరికి ఒళ్లంతా కట్లు. కొన్నాళ్లకి డాక్టరు కట్టు విప్పాడు. చూసి, ఆయన మొహంలో మొదటిసారి కాస్త నవ్వు కనబడింది. చర్మం గులాబీ రంగుకి తిరిగి, పట్టుకుని ఉంది.

పిన్నమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. కట్టుకట్టిన తొడతో కుంటుతూ వార్డంతా తిరిగి చెప్పింది. "అంటుకుంది. నా తోలు అంటుకుంది." నీళ్లు మోసే ఆయమ్మకి చెప్పింది, ఊడ్చే మనిషికి చెప్పింది, ఎవరినో చూడటానికి వచ్చి వరండాలో బీడీ కాలుస్తున్న ముసలాయనకి కూడా చెప్పింది. నిలవదని డాక్టరు ముందే చెప్పిన మాట ఆమె చెవిన పడింది. కానీ చెవి దాటి లోపలికి పోలేదు.

నిజంగానే ఆ రోజులు మంచివి. చీము తగ్గింది. జ్వరం దిగింది. కోడిగుడ్డు, పాలు లోపల నిలిచాయి. కట్టు మార్చినా అంత నొప్పి లేదు. నేను చామనఛాయ, పిన్నమ్మ నలుపు. అందుకని నా రొమ్ము మీద ఆమె ముక్క ఎక్కడిదాకా ఉందో గీత గీసినట్టు తెలిసేది. ఒక చోట చిన్న పుట్టుమచ్చ కూడా దాంతోపాటే వచ్చేసింది. అది చూసి ఆమె పడీపడీ నవ్వింది.

"చూడుమే, నా మచ్చ దొంగిలించినావు. నా తోలు కప్పుకున్నావు గాబట్టి ఇంక నా మాట వినాల్సిందే. నా మాదిరి నీకూ కాకరకాయంటే అసయ్యం పుడతాది."

"నాకు ముందు నుంచీ అసయ్యమే," అన్నాను.

"అయితే ముందు నుంచే నా బిడ్డవి," అంది.

ఆ మాట ఆమె నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. నవ్వితే మెడ మీద చర్మం లాగింది.

తర్వాత అది పాడవడం మొదలైంది. ముందు అంచులు ఉబ్బాయి. గులాబీ రంగు పోయి నీలంగా, ఆ పైన బూడిదరంగుగా మారింది. కింద తడి చేరింది. కట్టు విప్పినప్పుడల్లా గుడ్డతోపాటు కొంచెం కొంచెం ఊడి వచ్చేది. పిన్నమ్మ పక్కనే నిలబడి ప్రతి ముక్కనూ చూసేది. ఆమె నవ్వు ఆగిపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే అవ్వ ఊరి నుంచి వచ్చింది. నాయన వేటకు పోకపోతే ఇల్లు గడవదని వెనక్కి పోయాడు, ఆయన బదులు అవ్వ. వచ్చీ రాగానే కట్టు మార్చడం చూసింది. నా పరిస్థితి చూసి గుండెలు బాదుకుంది. అవ్వకి నా మీద ప్రేమ లేకపోలేదు. పోసిన నీళ్లు తనవేనని లోపల ఎక్కడో తెలుసు కూడా. ఆ బరువు దించుకోవడానికి ఆమెకు ఇంకొకరి నెత్తి కావాలి.

"పరాయి తోలు ఎట్ట అంటుకుంటది?" అంది, వార్డంతా వినేటట్టు. "కన్నదయితే గదా అంటుకునేది! సవితి తోలు తెచ్చి కప్పితే బిడ్డ ఒళ్లు ఒప్పుకుంటదా?"

పక్క మంచాలవాళ్లు పిన్నమ్మను చూశారు. వరండాలో చెప్పినవన్నీ వాళ్లూ విన్నవాళ్లే కదా. పిన్నమ్మ వంగి, కిందపడిన కట్టుగుడ్డలు ఏరింది. నేనైతే అవ్వ జుట్టు పట్టుకునేదాన్ని. చెయ్యి లేవలేదు.

డాక్టరు వచ్చినప్పుడు పిన్నమ్మ ఆయన ముందు చేతులు జోడించి నిలబడింది. "అయ్యా, అబద్ధం చెప్పినా. నేను కన్నతల్లిని కాను. అందుకే అంటలా. నా అబద్ధమే బిడ్డని చంపతా ఉండాది."

డాక్టరు చేతిలో పనిముట్టు పక్కన పెట్టాడు. "కన్నతల్లి లేచి వచ్చి ఇచ్చినా ఇంతేనమ్మా. కవలపిల్లలకైతే తప్ప ఎవరిదీ ఎవరికీ నిలవదు. నేను ముందే చెప్పాను. నీది ఎన్ని రోజులు ఉండాలో అన్ని రోజులూ ఉంది. నువ్వు ఇవ్వకపోతే ఈ పిల్ల ఈపాటికి ఉండేది కాదు."

"మీరు మంచోళ్లు గాబట్టి అట్ట అంటుండారు," అంది పిన్నమ్మ.

ఆయన ఇంకోసారి చెప్పాడు. ఆమె తలూపింది. నమ్మలేదని మంచంలో ఉన్న నాకే తెలిసింది. ఇప్పుడు తల్చుకుంటే నాకు ఆమె మీద కోపం కూడా వస్తుంది. తన మాంసం కోసి ఇచ్చిన మనిషి, ఆ పుణ్యం నీదేనని చెబితే పుచ్చుకోదేమిటి!

ఆ రోజు మిగిలిన ముక్కలన్నీ పట్టకారుతో తీసేశారు. పుట్టుమచ్చ ఉన్న ముక్క కూడా పోయింది. నర్సు బేసిను ఎత్తబోతే, "నేను పారేస్తాలేమ్మా," అని పిన్నమ్మ అందుకుంది. మంచం మీంచే తలుపు సందులోంచి చూశాను. వరండా చివర బేసిను ముందు పెట్టుకుని వంగి కూర్చుంది. వాంతి చేసుకుంటోంది కాబోలు అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న ఆమె లేదు. చాప చుట్టి మంచం కింద పెట్టి ఉంది. ఎవరికీ చెప్పలేదు.

"పొయింది. పులికాటుకే పొయుంటది," అంది అవ్వ. గొంతులో గెలుపు ఉంది, భయమూ ఉంది. నన్ను ఒంటరిగా చూసుకోవడం అవ్వ వల్ల కాదు. వార్డులో తలా ఒక మాట. సవతితల్లి ఇన్నాళ్లు ఉండటమే గొప్ప అని ఒకరు, తోలు ఊడిపోయాక ఇంకేం మొహం పెట్టుకుని ఉంటుంది అని ఒకరు.

డాక్టరు తొందరపడుతున్నాడు. పుండు శుభ్రంగా ఉంది, ఒంట్లోకి కాస్త రక్తం వచ్చింది, నా చర్మం తీసి వెయ్యాలంటే ఇదే అదును. ఇంకొన్నాళ్లు ఆగితే మళ్లీ చీము పడుతుంది, ఈసారి కప్పడానికి ఎవరి చర్మమూ ఉండదు, పిల్ల దక్కదు అని అవ్వకి విడమరిచి చెప్పాడు. అవ్వ వేలిముద్ర వేసింది. స్ట్రెచర్ తెచ్చారు. నేను రానన్నాను. పిన్నమ్మ వస్తే గానీ రానన్నాను. ఎత్తబోయిన నర్సు చెయ్యి కొరికాను. ఆ చెయ్యి నాకు రోజూ అన్నం తినిపించిన చెయ్యే, అయినా కొరికాను. ఏడుపు రాలేదు నాకు. కోపం వచ్చింది. నన్ను వదిలిపెట్టి పోవడానికి ఆమె ఎవరు అని కోపం.

అంత పెనుగులాడితే మత్తు ఇవ్వడం ప్రమాదమని డాక్టరు ఆ రోజుకి ఆపాడు. అవ్వ మంచం పక్కన కూలబడి ఏడ్చింది. నేను గోడ వైపు చూస్తూ పడుకున్నాను. పాలు ఇస్తే ఉమ్మేశాను. సాయంత్రానికి ఒళ్లు మళ్లీ వెచ్చబడింది.

మర్నాడు మధ్యాహ్నం వార్డు గుమ్మంలో పిన్నమ్మ కనబడింది. రైలు మసి మొహం నిండా పట్టి ఉంది. గోడ పట్టుకుని నడుస్తోంది. చీర తొడ దగ్గర తడిసి అతుక్కుని ఉంది. కట్టు ఊడి, పచ్చిపుండుకి ఇసక పట్టింది. డాక్టరు ఆ రోజు నిజంగానే కేకలు వేశాడు. పచ్చిపుండుతో ఎక్కడికి పోయావని అడిగాడు. ఆమె చెప్పలేదు.

"అయ్యా, ఇప్పుడు ఎయ్యండి," అంది. "ఇప్పుడు అంటుకుంటది."

అంత నమ్మకంగా ఎట్లా చెప్పిందో ఎవరికీ అర్థం కాలేదు. నా దగ్గరికి వచ్చి, "ఏమే, నర్సమ్మ చెయ్యి కొరికినావంట? కూర చాలలేదా?" అంది. నేను గోడ వైపే మొహం పెట్టుకున్నాను. స్ట్రెచర్ మీదికి ఎక్కిస్తుంటే మాత్రం ఊరుకున్నాను.

నా రెండు తొడల మీంచీ చర్మం తీశారు. కాలిన చోటు ఎక్కువ, తీసే చోటు తక్కువ. అందుకని తీసిన చర్మాన్ని తపాలా బిళ్లలంత ముక్కలుగా కోసి, ఎడం ఎడంగా పెట్టారు. నారు నాటినట్టు. మొక్క మొక్కకీ మధ్య నేల ఎట్లా కమ్ముకుంటుందో, ముక్క ముక్కకీ మధ్య కొత్త చర్మం అట్లా పాకి కలుసుకుంటుందని డాక్టరు చెప్పాడు. అది నెమ్మదిగా కలుసుకుంది. మెలకువ వచ్చాక తెలిసిన సంగతి ఒకటుంది. వేసిన చోట కంటే తీసిన చోటే నొప్పి ఎక్కువ. తొడలు నిప్పుల మీద పెట్టినట్టు ఉండేవి. ఈ నొప్పితో ఆమె వార్డంతా తిరుగుతూ నవ్విందని, ఈ నొప్పితో ఎక్కడికో పోయి వచ్చిందని, అప్పుడు నాకు తెలిసింది. ఎక్కడికని అడగడానికి మాత్రం నాకు పౌరుషం అడ్డొచ్చింది.

కట్టు విప్పిన రోజు డాక్టరు ఒక్కొక్క ముక్కనీ చూశాడు. దాదాపు అన్నీ పట్టుకున్నాయి. పిన్నమ్మ ఈసారి వరండాలోకి పోయి ఎవరికీ చెప్పలేదు. గోడకి ఆనుకుని కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

బతికాను గానీ, కథ అంతటితో సుఖంగా ముగియలేదు. మానుతున్న చర్మం ముడుచుకుపోయి గడ్డాన్ని రొమ్ము మీదికి లాగేసింది. కిందిపెదవి మూతపడేది కాదు, చొంగ కారేది. ఇంకోసారి కోసి, మెడ విడదీసి, తొడ మీంచి మందంగా తీసిన చర్మం వేసి, కదలకుండా పిండికట్టు మెడకి బిగించారు. దురద చెప్పనలవి కాదు. వేసవిలో ఆ చర్మానికి చెమట పట్టదు, లోపల ఉడికిపోతాను. ఇప్పటికీ అంతే. కుడిచెయ్యి భుజం దాటి లేవదు. గంప మోయలేనిది చేపలపనికి ఏం పనికొస్తుందని నన్ను బడికి పంపారు. పనికిరానిదాన్ని కాబట్టి చదువుకుని పంతులమ్మనయ్యాను.

పిన్నమ్మ తొడ పుండు ఇసక తగిలి చీము పట్టింది. సులువుగా మానాల్సింది చాలాకాలం పీకింది. మానాక తాడు ముడుల్లాంటి మచ్చ మిగిలింది, కాలు పూర్తిగా చాచలేకపోయింది. ఆ కాలితోనే గంప నెత్తిన పెట్టుకుని బోగోలు సంతకి పోయేది. పాళెంలో ఆమెకు పేరు పోయి కుంటిది అనే పిలుపు వచ్చింది. పిల్లలు కలగలేదు. అవ్వ ఆ తర్వాత ఎవరికి కాలినా కొప్పెర నీళ్ల దగ్గరికి ఎవర్నీ పోనిచ్చేది కాదు, కర్ర పట్టుకుని తరిమేది. తప్పు చేశానని మాత్రం చచ్చేదాకా అనలేదు. సవితి తోలు అంటలేదన్న మాట కూడా వెనక్కి తీసుకోలేదు. ఆ మాట పాళెంలో సామెతలాగా స్థిరపడిపోయింది. ఎవరి ఇంట్లో మారుతల్లి ప్రస్తావన వచ్చినా, పిన్నమ్మ ఎదురుగానే అనేవాళ్లు. ఆమె నవ్వి ఊరుకునేది. నేను పోట్లాడేదాన్ని. డాక్టరు ఏం చెప్పాడో వివరించబోయేదాన్ని. వినేవాళ్లకి నా మెడే కనబడేది, మాట వినబడేది కాదు.

నాయన పోయాక పిన్నమ్మ నా దగ్గరే ఉంది. చివరి జబ్బులో ఒకరోజు ఎండపొద్దున ఆమెకు తల దువ్వుతున్నాను. ఉన్నట్టుండి అడిగింది.

"ఆ రెండు దినాలు నేను యాడికి పోయినానో నువ్వెప్పుడూ అడగలేదే?"

"నువ్వు చెప్పలేదుగా."

"మీ అమ్మ కాడికి పోయినా."

బేసినులోంచి తన తోలు ముక్కలన్నీ ఏరి, కొంగు చింపి మూట కట్టిందట. బిట్రగుంటలో రైలు దిగి టీ కొట్లో పాలు పోయించుకుందట. బండి దొరక్క చాలా దూరం నడిచి, కాలవ దాటి, ఇంటికి కూడా పోకుండా నేరుగా సరుగుడు తోపుకి పోయింది. మా వాళ్లలో ఆడవాళ్లు పూడ్చినచోటికి పోకూడదు. ఆమె పోయింది.

"మీ అమ్మ తలకాడ చేత్తో గుంట తీసి పెట్టినా. పసిబిడ్డ పోతే ఎట్ట పెడతామో అట్టనే పెట్టి, పాలు పోసినా. అక్కా, నీ బిడ్డకి నాది పనికిరాలా. కన్నతల్లినని అబద్ధం చెప్పినా, కోపపడబాక. నాది నువ్వు తీసుకో, నీది దానికి ఇయ్యి అన్నా." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఇచ్చింది గదా. నీ తొడ తోలు ఎవురిది మరి? ఆమె కన్నదేగా."

సవితి తోలు అంటదన్న ఆ చావుమాటను ఇన్నేళ్లూ ఆమె నవ్వుతూ మోసిందంటే, లోపల అది నిజమని ఒప్పుకునే మోసింది. నాకు గుండె మండిపోయింది. "ముందు నీది లేకపోతే నాది వేసేదాకా నేను ఉండేదాన్నే కాదు. డాక్టరు నీ మొహం మీదే చెప్పాడు. నన్ను బతికించింది నీ తోలు. వినబడుతోందా?" అని అరిచాను. జబ్బుమనిషి మీద అరిచాను.

"డాక్టర్లు అట్టనే అంటారు. మంచోళ్లు," అంది. నా మెడ మీద చెయ్యి వేసి తడిమింది. "నన్ను గూడా ఆడనే పెట్టండి. సగం సామాను ముందే పంపించినా."

ఆమె పోయినప్పుడు, సవతులిద్దరినీ పక్కపక్కనా అని పెద్దలు గొణిగారు. ఆడమనిషి గుంట దగ్గరికి రాకూడదని కూడా అన్నారు. నేను పోయాను. సరుగుడు తోపు అంచున ఇద్దరు పారలతో తవ్వుతున్నారు. అమ్మ తలవైపుకి పార పోతుంటే అడ్డం నిలబడి, అక్కడ చేతులతో తియ్యమన్నాను. ఎందుకని అడిగారు.

"ఈమె తోలు అక్కడ ఉంది. నాకిచ్చింది," అన్నాను.

వాళ్లు పారలు పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని ఇసకను చేతులతో తీశారు.